మేడం ఎట్లుంది సార్?

మా ఆవిడ నిన్న మధ్యాహ్నం నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. హనుమకొండలో వాళ్ల అక్క ఇంట్లో ఉంది. తప్పు నాది కాదు, కుక్కది. నిజానికి కుక్కది కూడా కాదు, ఆటోవాళ్లది.

ఖుషికి ఏడాదికోసారి వేయించే రేబీస్ టీకా గడువు నిన్నటితో సరి. నల్లకుంట నుంచి హిమాయత్‌నగర్ డాక్టరు దగ్గరికి ఆటో బుక్ చేస్తే ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చారు, దాన్నోసారి చూసి, సీటు చూసుకుని వెళ్లిపోయారు. మూడో ఆయన అయితే "కుక్క ఉందని ముందే చెప్పాలె కద" అని నాకే చీవాట్లు పెట్టాడు. ఎక్కడ చెప్పాలి నాయనా, చెప్పడానికి ఆ యాప్‌లో చోటేదీ? సరే, నడక.

ఇది మా ఇంటికొచ్చి ఏడాది. కాలు విరిగి రోడ్డు పక్కన పడుంటే ఒక సంస్థవాళ్లు వైద్యం చేయించి మాకిచ్చారు. ఊరికే ఏం ఇవ్వలేదు లెండి. నా జీతమెంత, బాల్కనీకి గ్రిల్ ఉందా, నాకు కోపం ఎక్కువా (ఇక్కడ మా ఆవిడ గొంతు సవరించుకుంది), ఇల్లంతా తిరిగి చూసి, మా అమ్మాయి పెళ్లప్పుడు వియ్యాలవారు కూడా అడగనివన్నీ అడిగి, చివర్లో దాని చరిత్ర అంటూ ఒక కాగితం చేతిలో పెట్టారు. 'ఎవరూ లేని కుక్క. మనుషులంటే భయం. ఓర్పుగా మచ్చిక చేసుకోవాలి.' ఆ ఓర్పు మా దగ్గర లేక ట్రైనర్ని పెట్టాం. ఎనిమిది వేలు. మూడు నెలల్లో ఆయన మా సోఫాకి బాగా అలవాటు పడ్డాడు గానీ ఇది మాత్రం 'సిట్' అంటే కూర్చోలేదు.

బర్కత్‌పుర దాటి నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరికి రాగానే, ఎప్పుడూ నా వెనక నక్కి నడిచేది కాస్తా, తాడు లాక్కుంటూ ఒక టీ బండి దగ్గరికి పోయి బల్ల కింద దూరి పడుకుంది. ఎంత లాగినా రాదు. ఊరికే నిలబడితే బాగుండదని ఒక టీ చెప్పా. బండాయన పాలు తిప్పుతూ, తల తిప్పకుండానే అడిగాడు.

"మేడం ఎట్లుంది సార్? మస్తు దినాలైంది చూసి."

మీకో సంగతి చెప్పాలి. మా ఆవిడ రెండేళ్ల కిందటి దాకా ఆ దగ్గర్లోనే ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. ఆ వీధుల్లో జిరాక్స్ షాపు నుంచి పూలమ్మాయి దాకా అందరికీ 'మేడం'. 'ఎట్లున్నరు' అనకుండా 'ఎట్లుంది' అన్నాడేంటని కాస్త చివుక్కుమంది, చనువేమోలే అనుకున్నా.

"బాగుంది, ఊరెళ్లింది" అన్నా.

"కాలు నయమైందా?"

మోకాళ్ల నొప్పుల సంగతి ఇతని దాకా వచ్చిందా! "మెట్లెక్కితేనే కష్టం."

"లావు కానియ్యకుండ్రి సార్, కాలు మీద బరువు పడ్తది. గీడున్నప్పుడు రోజూ రెండు ఉస్మానియా బిస్కెట్లు పెడితే గాని కదిలేది గాదు."

మా ఆవిడకి షుగర్. ఇంట్లో నేను పండగ పూట బొబ్బట్టు ముట్టుకుంటే ఉపన్యాసం. ఇక ఆగలేక అక్కడే ఫోన్ కలిపా. "నువ్వు నారాయణగూడ టీ బండి దగ్గర రోజూ రెండు బిస్కెట్లు తినేదానివా?"

అవతల కాసేపు మాట లేదు. "రెండని ఎవరు చెప్పారు? వాడా? ఎప్పుడైనా ఒకటి, అదీ చిన్నది."

నా అనుమానం రుజువైందన్న పొగరులో ఫోన్ పెట్టేసి, ఇంకేం చేసేది అన్నట్టు ఇతని వైపు చూశా. ఇతను ఉత్సాహంగా అందుకున్నాడు.

"వానపడ్తే రాత్రిళ్లు గీ బల్ల కిందనే పండేది."

టీ ముక్కులోకి పోయింది.

"ఆపరేషన్ అప్పుడు గూడ నేనే చూసుకున్న సార్. వ్యాన్ల తీస్కపోయిండ్రు, నాలుగు దినాలకు మళ్ల గీడనే దించిపోయిండ్రు, చెవి కోసి."

"ఎవరి చెవి?"

"మేడంది." గరిటెతో బల్ల కిందికి చూపించాడు.

వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటే వదలాలని 2023 నిబంధనలు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల విషయంలో చాలావరకు ఆ మాటకే వస్తే, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండు రోజుల పాటు సెక్షన్లు చెప్పి సెక్రటరీ నోరు మూయించినవాణ్ని నేను. ఏడాదిగా ఆ చెవిని నిమురుతున్నవాణ్ని కూడా నేనే.

"మేడం, కూసో" అన్నాడతను. కూర్చుంది. "షేక్‌హ్యాండ్" అన్నాడు. ఇచ్చింది. అటుగా పోతున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ బండి ఆపి మరీ "అరె, మేడం!" అంటే ఆయనకీ ఇచ్చింది. ఎవరూ లేని కుక్కట! ఆ ఎనిమిది వేలు వీళ్లకిచ్చినా బాగుండేది.

మా ఆవిడకి మళ్లీ ఫోన్ చేశా. "అతను చెప్పింది మన కుక్క సంగతే, నీ గురించి కాదు" అన్నా. అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది. అవతల చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత కట్. టీకా వేయించామా అంటే వేయించాం, అదేం పెద్ద కథ కాదు.

బండి దగ్గర జేబులో చెయ్యి పెట్టి "ఎంత?" అన్నా.

"టీ పదిహేను, బిస్కెట్లు పది."

"నేను బిస్కెట్లు తినలేదే."

"మీరు గాదు సార్, మేడం."