అమ్మమ్మలకు లేని జబ్బా ఇది?

ఈ మధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. పీఎంఎస్, అంటే నెలసరికి ముందు కొన్ని రోజులు ఒంట్లోనూ మనసులోనూ ఉండే బాధ గురించి. సారాంశం ఇది: "పీఎంఎస్ ఈ కాలం అమ్మాయిలు కనిపెట్టిన జబ్బు. మన అమ్మమ్మలు పదిమందిని కని, పొలం పనులు చేసి కూడా ఏనాడూ ఈ మాట అనలేదు. నూటికి ఒకరికి కూడా ఉండదు. ఉన్నా అంతా మనసులోనే. పెళ్లయితే అదే పోతుంది." పంపింది నాకు బాబాయి వరసయ్యే ఆయన. కింద దండాలు పెట్టినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అది చూశాక ఊరుకోలేకపోయాను.

ఈ కాలం జబ్బు అనడం తప్పు. నెలసరికి ముందు వచ్చే ఈ బాధ గురించి రాబర్ట్ ఫ్రాంక్ అనే న్యూయార్క్ డాక్టరు 1931లోనే రాశారు. ప్రీమెన్‌స్ట్రువల్ టెన్షన్ అని పేరు పెట్టారు. ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ (పీఎంఎస్) అనే ఇప్పటి పేరుతో బ్రిటన్ డాక్టర్లు రేమండ్ గ్రీన్, కాథరినా డాల్టన్ 1953లో వ్యాసం రాశారు. అప్పటికి మా అమ్మ పుట్టనే లేదు.

ఇక అమ్మమ్మల సంగతి. అందరూ ఇట్టే నమ్మేసే మాట ఇదే. పీఎంఎస్ వచ్చేది అండం విడుదలయ్యాక, నెలసరి మొదలయ్యేలోపు ఉండే రెండు వారాల్లో. కడుపుతో ఉన్నప్పుడు అండం విడుదల కాదు. బిడ్డకు పాలిచ్చే నెలల్లో చాలామందికి నెలసరే రాదు. మా అమ్మమ్మకు ఎనిమిది కాన్పులు. ఒక్కో బిడ్డకు తొమ్మిది నెలల మోత, ఆపైన ఏడాదికి పైగా పాలు. లెక్కేస్తే పదిహేను, పదహారేళ్లు నెలసరి లేకుండానే గడిచిపోయి ఉంటాయి. ఇద్దరు పిల్లలతో ఆపేసిన నాకు జీవితంలో నాలుగు వందల దాకా నెలసరులు వస్తే, ఆమెకు వచ్చినవి అందులో సగం.

ఆ వచ్చిన నెలల్లోనైనా ఆమె నోరెత్తలేదా? ఎత్తింది. "ఒళ్లంతా బరువుగా ఉందే, మెట్టెలు బిగుసుకుపోయాయి" అంటూ కాలివేళ్లకు కొబ్బరినూనె రాసి మెట్టెలు తిప్పుకుంటూ కూర్చునేదట. ఆ రోజుల్లో ఎవరైనా పలకరిస్తే కళ్లనీళ్లు పెట్టుకునేదట. రెండు రోజులకు బయట ఉండేది. అమ్మ చెప్పింది ఇదంతా. ఆ బాధకు ఆవిడ దగ్గర పేరు లేదు, అంతే.

నూటికి ఒకరికి కూడా ఉండదా? నెలసరి వచ్చేవాళ్లలో అత్యధికులకు రొమ్ముల్లో సలుపో, కడుపుబ్బరమో, చిరాకో ఏదో ఒకటి ఉంటుంది. దాన్నంతా జబ్బు అనలేం. రోజువారీ పనులు దెబ్బతింటేనే పీఎంఎస్ అంటారు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఇది దాదాపు 43 శాతం అని తేలింది. ఒక్కసారి అడిగి రాసుకునే సర్వేల్లో అంకె పెరుగుతుందన్నది నిజమే. రోజూ రాయించి కఠినంగా లెక్కించినా, పీఎండీడీ అనే తీవ్రరూపమే నూటికి ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఉంటుంది.

అంతా మనసులోనే అన్న మాటకు 1998లోనే జవాబు దొరికింది. అమెరికా పరిశోధకులు పీఎంఎస్ ఉన్న కొందరికి ఇంజెక్షన్లతో అండాశయాల హార్మోన్లను ఆపేశారు. సగం మందికి పైగా బాధ తగ్గింది. అలా తగ్గినవాళ్లకు ఈస్ట్రోజన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ తిరిగి ఇస్తే బాధ మళ్లీ వచ్చింది, ఉత్తుత్తి మందు ఇస్తే రాలేదు. అసలు పీఎంఎస్ లేని ఆడవాళ్లకు అవే హార్మోన్లు ఇస్తే ఏమీ కాలేదు. అంటే హార్మోన్లు అందరిలోనూ ఉన్నవే, కొందరి మెదడు వాటికి వేరుగా స్పందిస్తుంది.

నా మటుకు నాకు రుజువు వంటింటి క్యాలెండర్ మీద దొరికింది. పాలు పోయించుకోని రోజులు, గ్యాస్ బుక్ చేసిన తేదీ గుర్తు పెట్టుకునే చోటే, ఊరికే ఏడుపొచ్చిన రోజున పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాను. మూడు నెలలు పెట్టాను. చుక్కలన్నీ నెలసరికి ముందు ఐదారు రోజుల్లోనే గుంపుగా పడ్డాయి. నేను టీచర్ని. ఆ రోజుల్లో ఒకే పేపరు మార్కులు మూడుసార్లు కూడితే మూడు రకాలుగా వచ్చాయి. పిల్లాడి చేతిలో గ్లాసు జారితే వాడి మీద అరిచిన అరుపుకు నాకే భయం వేసింది. నెలసరి వచ్చిన రెండో రోజుకల్లా మనిషిని మామూలే.

అలాగని ఆడదాని కోపమంతా దీని ఖాతాలో వేయకండి. భర్త పని పంచుకోకపోతే వచ్చే కోపానికి క్యాలెండర్‌తో పని లేదు. "డేట్ దగ్గర పడిందా?" అని నోరు మూయించడం కూడా ఆ మెసేజ్ లాంటిదే.

పెళ్లయితే పోతుందన్న మాట మా చెల్లెలికి ఒక డాక్టరే చెప్పారు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, బాధ అలాగే ఉంది. తగ్గించే దారులు వేరే ఉన్నాయి. రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూసిన పరీక్షలో మూడో నెలకు లక్షణాలు 48 శాతం తగ్గాయి, ఉత్తుత్తి మాత్రతో 30 శాతమే. తీవ్రంగా ఉన్నవాళ్లకు సైకియాట్రిస్టులు ఫ్లూక్సెటిన్ లాంటి మందులు రాస్తారు, కొందరికి నెలసరికి ముందు రెండు వారాలు వేసుకున్నా సరిపోతుంది. మందు, మోతాదు డాక్టరే చెప్పాలి. రెండు మూడు నెలల చుక్కల క్యాలెండర్ పట్టుకెళ్లండి, వాళ్లు మొదట అడిగేది అదే. ఆ రోజుల్లో చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఇప్పుడే ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.