పదిహేడో నంబర్ ఎక్కడ?

మొన్న అమెరికాలో జరిగిన తెలుగు మహాసభల్లో రెండో రోజు మధ్యాహ్నం, మన గురుకుల పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మూడింటికన్నది నాలుగింటికి మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్పాన్సర్ల స్లైడ్లు అయ్యాక ‘మనవాళ్ళు ఇప్పుడెక్కడ’ అని ఇరవై నిమిషాల వీడియో వేశారు. ఫొటో, పేరు, టెన్త్ బ్యాచ్, కంపెనీ, హోదా, ఊరు. ఒకాయన డైరెక్టరు, ఒకావిడ గుండె డాక్టరు, ఇద్దరు కంపెనీ పెట్టి అమ్మేశారు కూడా. పక్క హాల్లో పిల్లల డాన్సు పోటీలు, గోడ అవతల నుంచి మృదంగం మోత. అందరితో పాటు నేనూ చప్పట్లు కొడుతూ నా ఫొటో ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. అబద్ధమెందుకు.

ఆ తర్వాత గురువందనం. కార్యక్రమం కాగితంలో దానికి పది నిమిషాలని ఉంది. ముందువన్నీ సాగీ సాగీ ఆ పదీ రెండయ్యాయి.

మా తెలుగు మాస్టారికి ఎనభై దాటాయి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకని కూతురింటికి వచ్చారు. ఈ రెండు నిమిషాల కోసం అల్లుడు మూడు గంటలు కారు నడిపి తీసుకొచ్చాడు. శాలువా కప్పించుకుని, మెమెంటో పక్కన పెట్టి, మైకు తీసుకుని ఆయన ప్రసంగమేమీ చెయ్యలేదు. కళ్ళు మూసుకుని హాజరు పిలవడం మొదలుపెట్టారు. మా ఐదో తరగతి ‘ఎ’ సెక్షన్ హాజరు, 1983 నాటిది. నంబరు, ఇంటిపేరు, పేరు. ముందు నవ్వులు వినిపించాయి. తర్వాత మా సెక్షన్ వాళ్ళం ఒక్కొక్కళ్ళమే లేచి “ప్రెజెంట్ సార్” అనడం మొదలుపెట్టాం. రానివాళ్ళ నంబరొస్తే పక్కవాళ్ళు జవాబు చెప్పారు. “బెంగళూర్లో ఉన్నాడు సార్.” “పోయాడు సార్, కోవిడ్‌లో.” ఆయన తలూపి ముందుకెళ్ళారు.

పదిహేడు దగ్గర ఎవరూ పలకలేదు.

“పదిహేడో నంబర్ ఎక్కడ?” అని మళ్ళీ అడిగారు. ఎవరికీ తెలియదు. “తొమ్మిదో తరగతిలో దీపావళికి ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు వాడు. వెళ్ళే ముందురోజు నేను వాణ్ణి బాగా కొట్టాను. అందుకనే…” అని ఏదో చెప్పబోయారు. ఇంతలో యాంకరమ్మ వచ్చి, “ఈ వయసులో సార్ జ్ఞాపకశక్తి చూశారా! గట్టిగా చప్పట్లు!” అంది. కొట్టాం. మాస్టారి చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నారు. తర్వాత గ్రూప్ ఫొటో.

ఆ అమ్మాయిని ఏమీ అనను. తన చేతిలో టైము కాగితం ఉంది, వెనకాల హాలు ఇంకొకరికి ఇచ్చేశారు. కమిటీ వాళ్ళనూ తేలిగ్గా తీసిపారేయలేను. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు కాన్ఫరెన్స్ కాల్స్‌లో కూర్చుని ఇదంతా నడిపేవాళ్ళు వాళ్ళు. మా బడికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించింది, పడిపోయిన ప్రహరీ కట్టించింది వీళ్ళే. ఆ వీడియో వల్ల ఉపయోగం లేదని కూడా అనను. కూలికెళ్ళే తల్లిదండ్రుల పిల్లాడు గురుకులంలో కూర్చుని అది చూస్తే, ఇదే డార్మిటరీలో పడుకున్నవాడు అక్కడిదాకా వెళ్ళాడా అనుకుంటాడు. మనకు ఆ వయసులో అలా చూపించేవాళ్ళు లేరు. అది చిన్న విషయం కాదు.

అయినా నాకు ఆ రాత్రి హోటల్ గదిలో నిద్ర పట్టలేదు. చప్పట్లతో ఒక ప్రశ్నను మూసేశాం అనిపించింది.

అసలు పూర్వ విద్యార్థి అంటే ఎవరు? మన జాబితాలన్నీ టెన్త్ పాసైన సంవత్సరం మీద కట్టినవి. మాది ’89 బ్యాచ్ అంటాం. చేరిన సంవత్సరం ఎవరూ అడగరు. మధ్యలో టీసీ తీసుకుని వెళ్ళినవాడు, టీసీ కూడా తీసుకోకుండా వెళ్ళినవాడు, టెన్త్ తప్పి మొహం చెల్లక రానివాడు ఏ బ్యాచ్‌లోనూ లేడు. నవోదయ వాళ్ళ చిక్కు ఇంకా తమాషా. అక్కడ తొమ్మిదో తరగతిలో కొంతమందిని వేరే భాష రాష్ట్రంలోని నవోదయకు ఏడాది పాటు పంపుతారు, అటునుంచి కొందరు ఇటొస్తారు. వాళ్ళతో ఏడాది పాటు ఒకే మెస్సులో తిన్న ఆ హిందీ పిల్లలు ఏ గ్రూపులో ఉన్నారో ఎవరికైనా తెలుసా?

1971లో సర్వేలులో మొదటి గురుకులం తెరిచినప్పుడు పీవీ నరసింహారావు గారి ఉద్దేశం పల్లెల్లోని పేదపిల్లలకు మంచి చదువు ఒకచోట పెట్టి చెప్పించాలని. మరుసటి ఏడే తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. చదువు, తిండి, బట్ట అందరికీ ఒకటే. ర్యాంకు కొట్టబోయేవాడికి ఒక గరిటె ఎక్కువ, మానేయబోయేవాడికి తక్కువ వెయ్యలేదు. ఎంచడం మనం పెద్దయ్యాక నేర్చుకున్నాం.

పాత రోజులు బంగారమనే రకాన్ని కాదు నేను. మెస్సు ఉప్మాలో పురుగులుండేవి, చలికాలం బోరింగు దగ్గర స్నానం నరకం, బెత్తానికి లెక్కే లేదు. అలాగని తెల్లవారుజామున పీటీ బెల్లు ఇప్పుడు ఫోన్ అలారంలో వినిపిస్తే ఎగిరి మంచం దిగుతానేమో. ఆ ఉప్మా ఇంకో ప్లేటు కూడా తింటాను, పురుగులు ఏరుకుని.

మా వాట్సాప్ గ్రూపు సంగతి చెప్తాను, ఇందులో నా తప్పు ఉంది కాబట్టి. బడి మొత్తానికి ఒకటే గ్రూపు. 2014లో ఎన్నికల గొడవల్లో రెండుగా చీలింది, ఏడాది తిరక్కుండానే ఒక మాస్టారి సంతాప సభ పుణ్యమా అని మళ్ళీ కలిసింది. 2016లో గ్రూపుకు 256 మందే పరిమితి. నిండిపోయింది. అమెరికా వచ్చిన జూనియర్లు చేర్చమని అడుగుతున్నారు. అడ్మిన్లం నలుగురం కూర్చుని “యాక్టివ్‌గా లేనివాళ్ళను” తీసేద్దామనుకున్నాం. మెసేజ్ పెట్టనివాళ్ళు, గుడ్ మార్నింగ్‌కి బదులివ్వనివాళ్ళు. ముప్పై మందికి పైగా తీసేశాం. వాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళలో ఉన్నవాళ్ళే. 2022లో పరిమితి 1024 అయ్యింది. చోటు బోలెడు వచ్చింది. తీసేసినవాళ్ళను మళ్ళీ చేర్చాలని మా నలుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇక సావనీర్ ఫారం, అంటే మహాసభల సంచికకూ ఆ వీడియోకూ మన వివరాలు నింపి పంపేది. అందులో ‘ప్రస్తుత హోదా’ అని ఒక గడి ఉంటుంది చూశారా? నా ఉద్యోగం పోయి అప్పటికి ఐదు నెలలు. ఆ గడిలో పాత కంపెనీ, పాత హోదా నింపి పంపాను. వీడియోలో అదే వచ్చింది. పక్కన మా ఆవిడ ఏమీ అనకుండా ముందుకు చూస్తూ కూర్చుంది. ఆ ఇరవై నిమిషాల్లో ఇంకెంతమంది నాలాంటివాళ్ళో. హాజరు పిలిచినప్పుడు లేచి “ప్రెజెంట్” అన్నవాణ్ణి నేనే, కానీ నేనూ సగం గైర్హాజరే.

పదిహేడు నా పక్క మంచం. మా ట్రంకు పెట్టెలు రెండూ ఒకే మంచం కింద ఉండేవి, తాళంచెవులు మార్చి పెట్టుకునేవాళ్ళం. వాడి పెట్టె మూత లోపలి వైపు సుద్దముక్కతో గీతలు గీసేవాడు, సెలవులకు ఇంకెన్ని రోజులున్నాయో లెక్క. రోజుకొకటి తుడిచేవాడు. ఆ దీపావళికి వెళ్ళి వాడు రాలేదు. పెట్టె డిసెంబరు దాకా మంచం కిందే ఉంది. అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు వాళ్ళ నాన్న వచ్చాడు. పెట్టె తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. మూతకి పది పన్నెండు గీతలు మిగిలి ఉన్నాయి. దీపావళికి కాదు, సంక్రాంతికి ముందే గీసుకున్నవేమో. ఆయన పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. బకెట్టు నేను గేటు దాకా మోశాను. వాడెందుకు రాలేదని అడగాలనిపించింది. అడగలేదు.

మహాసభల నుంచి వచ్చిన వారంలో మా బ్యాచ్‌వాడొకడికి ఫోన్ చేశాను. వాడు పదిహేడో నంబరు ఊరి పక్క మండలంలో పంచాయతీ కార్యదర్శి. ఊరి పేరు, వాళ్ళ నాన్న పేరు చెప్పాను. రెండో రోజు సాయంత్రానికి నంబరు పంపాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా కనపడనివాడు రెండు రోజుల్లో దొరికాడు. అంటే వెతికినవాళ్ళే లేరు.

“ఒరేయ్, నువ్వా!” అన్నాడు. గొంతు గుర్తుపట్టలేదు, నా పాత మారుపేరు చెప్తే పట్టాడు. గ్రూపులో చేరుస్తానన్నాను. కాసేపు మాట్లాడలేదు. “నేను టెన్త్ రాయలేదు కదరా. నన్నెట్లా చేరుస్తారు?” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆ దీపావళికి వాళ్ళమ్మ మంచాన పడిందట. ఇంట్లో రెండు గేదెలు, పాలు తీసి కేంద్రంలో పోసేవాళ్ళు లేరు. పండగ వెళ్ళాక పంపిస్తామన్నారు, తర్వాత వేసవి వెళ్ళాక అన్నారు. అంతే. ఇప్పుడు గేదెలు పదకొండు. కూతురు నర్సింగ్ చదువుతోంది. మాస్టారు కొట్టారని మానేశావా అని అడిగితే నవ్వాడు. “ఆయన కొట్టంది ఎవర్నిరా?”

మాస్టారికి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. కూతురు ఇచ్చింది. సంగతంతా చెప్పాను. మీవల్ల కాదు సార్, వాళ్ళమ్మకు బాగాలేకనట అన్నాను. ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. చాలాసేపటికి, “అయినా కొట్టాను కదా” అన్నారు. ఇప్పుడు విద్యాహక్కు చట్టంలో పిల్లల్ని కొట్టకూడదని చెప్పే సెక్షన్ కూడా పదిహేడే. ఆ మాట మాస్టారితో అనలేదు, ఇక్కడ మీతో అంటున్నాను.

మాస్టార్ల కబుర్లు మనకెప్పుడు తెలుస్తాయి? పోయినప్పుడు. దండ వేసిన ఫొటో వస్తుంది, కింద రెండు వందల ‘ఓం శాంతి’లు, మధ్యలో ఎవరిదో గృహప్రవేశం. క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్ళాక వాళ్ళెక్కడ ఉంటున్నారో, మోకాళ్ళెలా ఉన్నాయో, ఎవరి పేరు తలుచుకుని రాత్రిళ్ళు మేలుకుంటున్నారో మన ఫారంలో గడి లేదు. మన కబుర్లయినా వాళ్ళకు తెలుస్తున్నాయా అంటే, ర్యాంకు వచ్చినవాళ్ళవి తెలుస్తున్నాయి. ఆయనకు కావలసింది పదిహేడు కబురు.

కాబట్టి కమిటీ పెద్దలకు నా మనవి. గొడవ పెట్టుకోవడానికి కాదు, బతిమాలడానికే రాస్తున్నాను. జాబితా టెన్త్ ఫలితాల నుంచి కాకుండా బడి అడ్మిషన్ రిజిస్టర్ నుంచి తయారు చేయిద్దాం. ఎవరు ఎప్పుడు వెళ్ళిపోయారో అందులో రాసి ఉంటుంది, చేరిన ప్రతివాడి పేరూ ఉంటుంది. ప్రహరీ కట్టించినవాళ్ళకు ఆ రిజిస్టర్ ఫొటోలు తీయించడం ఎంత పని? ఫారంలో హోదా గడి ఉంటే ఉండనివ్వండి, దాని కింద ఇంకో గడి పెట్టండి, ‘ఎవరి కబురు తెలియక చాలా ఏళ్ళయింది?’ అని. వచ్చే సమావేశంలో స్పాన్సర్ల కంటే ముందు మాస్టార్లను మాట్లాడనిద్దాం. వాళ్ళు హాజరు పిలిస్తే పూర్తయ్యేదాకా పిలవనిద్దాం. స్పాన్సర్లు ఏమీ అనుకోరు, వాళ్ళలో సగంమంది ఆ మాస్టారి చేత దెబ్బలు తిన్నవాళ్ళే.

తీసేసిన ముప్పై చిల్లర మందిలో పంతొమ్మిది మందిని ఈ నెలలో మళ్ళీ గ్రూపులో చేర్చాను. ఇద్దరు చేరిన గంటకే వెళ్ళిపోయారు. వాళ్ళ కోపం వాళ్ళది.

వచ్చే సావనీర్‌కు ఫారాలు త్వరలో వస్తాయట. నా హోదా గడిలో ఈసారి గీత పెట్టి పంపుతాను. పదిహేడో నంబరు ఫారం నింపనన్నాడు. ఫోన్లో చెప్తే నేనే రాసుకున్నాను, చదివి వినిపిస్తే సరేనన్నాడు. ‘ఐదో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దీపావళి దాకా. తర్వాత గేదెలు.’