పెట్టె మారిస్తే సరిపోదు
విమానంలో లోపం ఎక్కడుందో కంప్యూటరే చెప్పేస్తుంది, ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు) టెక్నీషియన్ ఆ పరికరమున్న పెట్టె, అంటే యూనిట్, మారిస్తే చాలని ఒకరు రాశారు. నేనొప్పుకోను. చాలాసార్లు కంప్యూటర్ చెప్పేది ఫలానా యూనిట్ నుంచి సిగ్నల్ రావట్లేదని మాత్రమే. యూనిట్ పోయిందా, దారిలో తీగ తెగిందా అన్నది మనిషే తేల్చాలి. కొత్త పెట్టె బిగించిన రెండు రోజులకే అదే లోపం మళ్లీ వచ్చిందంటే ముందు తీగలు యూనిట్‌కు కలిసే కనెక్టర్ విప్పి చూడాలి. పిన్ను సరిగా లాక్ కాక వెనక్కి జరిగి ఉంటుంది, లేదా తేమకు పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. నేల మీద మీటర్ పెడితే బాగానే చూపిస్తుంది, గాల్లో అదురుకు విడిపోతుంది. అందుకే మీటర్ పెట్టి ఉంచి తీగల కట్టను మెల్లగా కదిలిస్తూ చూడాలి. పిన్నును తీగకు క్రింప్ చేశాక, అంటే నొక్కి బిగించాక, దాని పక్కనున్న సన్న రంధ్రంలోంచి తీగ పోగులు కనబడాలి. కనబడకపోతే తీగ లోపలిదాకా పోలేదన్నమాటే, కత్తిరించి మళ్లీ చేయాలి. కనెక్టర్‌లోకి నెట్టాక మెల్లగా లాగి చూడటం మరవకూడదు. తిరుపతి, చిత్తూరు పాలిటెక్నిక్‌లలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) చదివి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఏవియానిక్స్ పనికిచ్చే బీ2 లైసెన్స్ వైపు చూసే పిల్లలు ఎలక్ట్రికల్‌ను కూడా గట్టిగా చదవాలి. విమానంలో కరెంటు ఇంట్లో లాంటిది కాదు: ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, పెద్ద విమానాల్లో మామూలుగా 115 వోల్టులు, 400 హెర్ట్జ్.