లేక్ వ్యూకి రేటు ఎక్కువండీ

మొన్న ఆదివారం ఫ్లాటు చూడ్డానికి వెళ్లాను. 'లేక్ వ్యూ' కాబట్టి చదరపు అడుక్కి కాస్త ఎక్కువట. న్యాయమే. మురుగుని పద్నాలుగో అంతస్తులో కూర్చుని, గాలితో సహా అనుభవించే భాగ్యం ఊరికే వస్తుందా?

సేల్సు కుర్రాడు బాల్కనీ తలుపు తియ్యలేదు. అద్దంలోంచే చూపించాడు. "మొత్తం గ్రీనరీ సార్." గుర్రపుడెక్క అది. డ్రైనేజీలోని నత్రజని, భాస్వరం మేసి బలిసిన గుర్రపుడెక్క. నేనే గడియ తీశాను. కుర్రాడు ముక్కుకి కర్చీఫు అడ్డుపెట్టుకుని, "సాయంత్రానికి తగ్గుతుంది సార్" అన్నాడు. తగ్గేది వాసనా, చెరువా అనడిగాను. బ్రోషర్ చేతిలో పెట్టాడు. అందులో నీళ్లు నీలంగా ఉన్నాయి, రెండు హంసలు కూడా. పాలూ నీళ్లూ వేరుచేసే పక్షి పాపం, ఈ చెరువులో దించితే మొదటి గుక్కకే రాజీనామా రాసిస్తుంది.

బఫర్ జోన్ సంగతేమిటన్నాను. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు కట్టకుండా వదలాలి కదా. "వదిలాం సార్, క్లబ్ హౌస్ అక్కడే."

మన పెద్దవాళ్లకి బొత్తిగా వ్యాపారం తెలీదు. పైచెరువు అలుగు పారితే వాగు పట్టుకుని కింది చెరువుకి చేరేలా గొలుసుకట్టుగా తవ్వి చచ్చారు. ఆ వాగుని మనం నాలా చేశాం, నాలాని రోడ్డు చేశాం. మట్టి తాగాల్సిన వాన ఇప్పుడు సిమెంటు మీద జారి, టైరు మసీ ఆయిలు మడ్డీ పోగేసుకుని గంటలో చెరువులో పడుతుంది. పునాదులు తవ్విన మన్ను వాగు గులకరాళ్ల సందుల్లో పూడుతుంది. పురుగులకీ చేపపిల్లలకీ ఆ సందులే ఇళ్లు. వాటికి వ్యూ అక్కర్లేదు, ఊపిరాడితే చాలు.

1908లో మూసీ హైదరాబాదుని ముంచేశాక కట్టిన జలాశయాలు గండిపేట, హిమాయత్‌సాగర్. వాటి చుట్టూ 10 కిలోమీటర్లు, 84 ఊళ్లు కాపాడమని 1996లో 111 జీవో ఇచ్చారు. 2022లో సడలించారు. ఎందుకయ్యా అంటే, ఊరు ఇప్పుడు ఆ నీళ్ల మీద ఆధారపడి లేదట! గండిపేట నీళ్లు తాగి పెరిగిన ఊరు అనే మాటేనా ఇది? ఇంటి పక్క నీళ్లలో ఉమ్మేసి, వంద కిలోమీటర్ల అవతలి కృష్ణని కరెంటు పెట్టి లాక్కొస్తాం. చేపలు తెల్లగా తేలితే 'ఆక్సిజన్ అందక' అని వార్త రాస్తాం. అందక కాదు. మనం పీక్కున్నాం. సిగ్గులేని జాతి.

సరే, కుర్రాడి మీద అరిచి ఏం లాభం. "ఈ వాసన భరించలేమయ్యా" అన్నాను నెమ్మదిగా.

"ఫేజ్ టూ కడితే అసలు రాదు సార్. అడ్డంగా ఇంకో టవర్ వస్తుంది."

"ఎక్కడ?"

వేలు చూపించాడు. గుర్రపుడెక్క నడిమధ్యలో ఎర్రజెండా పాతి ఉంది.