కిటికీలు మూసి శానిటైజర్ రాసే మహానుభావులకు

కోవిడ్ లాంటి మహమ్మారి మళ్ళీ వస్తే బడి ఎలా తెరవాలో ఒక స్కూలు వారు రాసుకున్న ప్రణాళిక ఇప్పుడే చదివాను. 14 అంశాలు. గేటు దగ్గర థర్మల్ గన్, మెట్ల దగ్గర శానిటైజర్ స్టాండు, నేల మీద పసుపు గుండ్రాలు, బెంచీల మధ్య ప్లాస్టిక్ అడ్డాలు, వారానికి రెండుసార్లు బ్లీచింగ్ స్ప్రే. అక్కడిదాకా పళ్ళు బిగబట్టి చదివాను. ఇక 11వ అంశం చూడండి: "శానిటైజ్ చేసిన గదులు తిరిగి కలుషితం కాకుండా కిటికీలు మూసి ఉంచవలెను."

మూసి ఉంచవలెనట! దొంగను లోపల పెట్టి తాళం వేసి, బయట లాఠీ పట్టుకుని కాపలా కాస్తారన్నమాట.

ఇంకెన్నిసార్లు చెప్పాలండీ? సోకినవాడు మాట్లాడినా, పాడినా, ఊరికే కూర్చుని ఊపిరి పీల్చి వదిలినా సన్నని తుంపర బయటికొస్తుంది. పెద్ద చుక్కలు నేల మీద పడతాయి. చిన్నవి పడవు, మూసిన గదిలో సిగరెట్ పొగలా తేలుతూనే ఉంటాయి. ఆ మూల ఒకడు సిగరెట్ కాలిస్తే ఈ మూలకి వాసన రాదా? ఆరడుగులకో పసుపు గుండ్రం గీశాం, పొగ ఆ గీత దాటదు అంటే మీరే నవ్వరూ?

ఈ స్కూలు వాళ్ళనొక్కళ్ళనే అని ఏం లాభం లెండి. 2020 మార్చి 28న సాక్షాత్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థే కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ట్విట్టర్‌లో దండోరా వేయించింది. ఆ జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు "మహాప్రభో, గాలి సంగతి చూడండి" అని బహిరంగ లేఖ రాయాల్సొచ్చింది. ఆ సంస్థ వెబ్‌సైట్లో మాట మారేసరికి 2021 ఏప్రిల్ నెలాఖరు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ ఏడాది దాటింది. ఈలోగా జనం ఇంటికొచ్చిన పార్సిల్ డబ్బాలకు కూడా స్నానం చేయించారు. వైరస్ అంటిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే రోగం సోకే అవకాశం 10,000లో 1 కన్నా తక్కువని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో తాపీగా చెప్పింది. చేతులు కడగొద్దనడం లేదు. విరేచనాలకూ మామూలు జలుబుకూ అది మంచి అలవాటే. కానీ ఉన్న డబ్బంతా నేల కడగడానికి పోసి గాలికి పైసా పెట్టకపోవడం ఏం తెలివి?

ఆ థర్మల్ గన్ సంగతి వేరే చెప్పాలి. లక్షణాలు కనబడడానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే పిల్లాడు రోగం అంటించగలడు. చాలామంది పిల్లలకు అసలు జ్వరమే రాదు. ఎండలో నిలబడ్డవాడి నుదురు వేడిగా చూపిస్తుంది, చెమట పట్టినవాడిది చల్లగా చూపిస్తుంది, జ్వరం బిళ్ళ మింగినవాడు దర్జాగా లోపలికి పోతాడు. పైగా ఈ తతంగం కోసం బడంతా గేటు దగ్గర ఒకరి మీద ఒకరు పడుతూ క్యూ కట్టాలి. ప్లాస్టిక్ అడ్డాలైతే ఎదుటివాడి తుమ్మునే కాదు, గదిలో గాలి కదలికను కూడా ఆపుతాయి. బ్లీచింగ్ ఘాటుకు ఆస్తమా ఉన్న పిల్లలకు ఆయాసం బోనస్.

అసలు ఈ "తెరవాలా, మూయాలా" గొడవే నాకు ఒళ్ళుమంట. 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది చదువులు ఆగిపోయాయి. ఉగాండాలో 2022 జనవరికి గానీ బడులు పూర్తిగా తెరుచుకోలేదు. అన్నాళ్ళూ టీవీల్లో రెండే జట్లు. "పిల్లలకేం కాదు, తెరిచేయండి" అనే జట్టుకి బడిలో టీచర్లూ ఇంట్లో ముసలివాళ్ళూ కనబడరు. "అంతా అయ్యేదాకా మూసేయండి" అనే జట్టుకి ఫోనూ నెట్టూ లేని పిల్లాడు కనబడడు. కిటికీ ఊసు మాత్రం రెండు జట్లలోనూ ఎత్తినవాడు లేడు. డెన్మార్క్ వాళ్ళు 2020 ఏప్రిల్ 15నే చిన్నపిల్లల బడులు తెరిచారు. పిల్లలను చిన్న జట్లుగా విడగొట్టి, వీలైనంత చదువు ఆరుబయటే చెప్పించారు. ఇదేమన్నా కొత్త విద్యా? క్షయకు మందు లేని రోజుల్లో, 1908లో, అమెరికాలోని ప్రావిడెన్స్‌లో పెద్ద పెద్ద కిటికీలు బార్లా తెరిచి, పిల్లలకు వెచ్చటి బట్టలు కప్పి చలికాలంలో కూడా పాఠాలు చెప్పారు. వందేళ్ళ కిందటి వాళ్ళకు తట్టింది మనకు తట్టలేదు.

మూసేసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే జెరూసలేం చూడండి. 2020 మే 17న అన్ని తరగతులూ తెరిచారు. రెండు రోజులకే వడగాలులు. మాస్కులు తీసేయొచ్చన్నారు, ప్రతి గదిలో ఏసీ ఆగకుండా నడిచింది. 39 నుంచి 49 చదరపు మీటర్ల గదుల్లో 35 నుంచి 38 మంది పిల్లలు. ఒక్క స్కూల్లో 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు బాబూ. ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మీ ముఖానే కొడుతుంది. సీలింగ్ ఫ్యానూ అంతే, ఉన్నదాన్ని కలియదిప్పుతుంది.

సరే, తిట్టింది చాలు. ఏం చేయాలో చెప్తాను, మీ 11వ అంశం కొట్టేసి ఇది రాసుకోండి.

గదిలో ఎదురెదురుగా ఉన్న కిటికీలు, తలుపులు రెండు వైపులా తెరవాలి. ఒకవైపే తెరిస్తే గాలి అంతగా ఆడదు. ఒకవైపే కిటికీలుంటే, అందులో ఒకదాని దగ్గర ఫ్యాన్ పెట్టి గాలిని బయటికి నెట్టండి, తలుపు సందులోంచి కొత్త గాలి అదే వస్తుంది. అయితే ఆ తలుపు పక్క తరగతి గాలి తెచ్చేది కాకుండా చూసుకోవాలి. చలికాలమైతే కిటికీ పై రెక్కలు జానెడు తెరిచి ఉంచినా ఎంతో మేలు.

గాలి ఎలా ఉందో కంటికి కనబడదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టాలి. మీటరు అంటే ఎన్‌డీఐఆర్ సెన్సారు (పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచేది) ఉన్నదే కొనాలి. చవక రకాలు ఆ వాయువును కొలవవు, గదిలోని ఘాటు వాసనలను బట్టి ఊహించి ఒక అంకె పడేస్తాయి. శానిటైజర్ మూత తీస్తే చాలు, గంతులేస్తాయి. బయట పెడితే 420 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళు) దరిదాపుల్లో చూపించాలి. గదిలో కూర్చున్న పిల్లల తల ఎత్తున, కిటికీకీ పిల్లల ముక్కులకీ దూరంగా పెట్టి, పాఠం మొదలైన అరగంట తర్వాత చూడండి. మనం వదిలే ఊపిరిలో అది సుమారు 40,000 పీపీఎం. అంటే గదిలో 800 ఉందంటే, బయటి 420 తీసేసి చూస్తే, పిల్లాడు పీల్చే ప్రతి వంద పాళ్ళలో దాదాపు ఒక పాలు ఇంకొకరు వదిలిన ఊపిరే. 2,400 ఉంటే ఐదు పాళ్ళు. అందరూ ఒకే నీళ్ళ సీసా ఎంగిలి చేస్తే అసహ్యించుకుంటాం. ఎంగిలి ఊపిరికి మాత్రం అభ్యంతరం లేదు!

గది గంటకు ఎన్నిసార్లు గాలి మార్చుకుంటోందో కూడా ఈ మీటరుతోనే తేల్చొచ్చు. పిల్లలు వెళ్ళగానే 1,620 ఉందనుకోండి. బయటి 420 తీసేస్తే అదనం 1,200. గది గాలి ఒకసారి మారినంత అయ్యేసరికి అందులో మిగిలేది 37 శాతమే, 444. అంటే మీటరు 864కు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. 20 నిమిషాలు పడితే గంటకు మూడుసార్లు. సీడీసీ 2023లో పెట్టిన లక్ష్యం ఐదు. గంట పట్టిందా, ఆ గదిలో పాఠం చెప్పకండి.

కిటికీలతో ఐదు రాకపోతే మిగతాది ఫిల్టర్‌తో పూడ్చాలి. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గది అంటే 144 ఘనపు మీటర్లు. ఐదుసార్లంటే గంటకు 720. డబ్బా మీద సీఏడీఆర్ (గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె) 300 అని రాసి ఉన్న ప్యూరిఫయర్ ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే వచ్చేది రెండుసార్లు, అదీ ఫుల్ స్పీడులో. ఫుల్ స్పీడులో అది చేసే రొదకు పాఠం వినబడక టీచరు మొదటి రోజే తగ్గించేస్తారు. అందుకే లెక్కకన్నా పెద్దవి కొని మధ్య స్పీడులో నడపాలి. అన్నట్టు ఫిల్టర్ వైరస్‌ను పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు. అంకె తగ్గలేదని దాన్ని మూలన పడేయకండి. అయాన్లు, ఓజోన్ వదులుతామనే యంత్రాల జోలికి మాత్రం పోకండి.

డబ్బుల్లేవా? రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంథాల్ అనే ఇద్దరు 2020లోనే దారి చూపించారు. 20 అంగుళాల మెర్వ్-13 (సన్నని కణాలను పట్టే రకం) ఫిల్టర్లు నాలుగు, నాలుగు గోడల్లా నిలబెట్టి టేపు వేయాలి. కింద అట్ట, పైన గాలిని పైకి ఊదేలా 20 అంగుళాల చదరపు ఫ్యాన్. ఫిల్టర్ మీది బాణం గుర్తులు డబ్బా లోపలివైపు ఉండాలి. ఫ్యాన్ మూలల్లోంచి గాలి వెనక్కి జారకుండా, రెక్కలు తిరిగే మేర గుండ్రంగా కోసిన అట్ట పైన అంటించాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ అట్టనే. హైస్కూలు పిల్లలు ఒక్క పీరియడ్‌లో కట్టేస్తారు.

"ఇదంతా పని చేస్తుందా" అనేవాళ్ళకు: 2020 చివర్లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 169 ప్రాథమిక బడులను పోల్చి చూశారు. కిటికీలూ ఫ్యాన్లతో పాటు ఫిల్టర్లు కూడా పెట్టిన చోట కేసులు 48 శాతం తక్కువ.

అయితే ఫిల్టర్ ఒక్కటే కాపాడుతుందనుకుంటే అదీ బోల్తానే. 2021 మేలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో ఒక తరగతి. కిటికీలు తెరిచే ఉన్నాయి, ఫిల్టర్ కూడా ఉంది. టీకా వేయించుకోని టీచరు ముక్కు దిబ్బడను అలర్జీ అనుకుని బడికి వస్తూనే ఉన్నారు, మాస్కు తీసి గట్టిగా పాఠం చదివారు. ముందు రెండు వరుసల్లో 10 మందిలో 8 మందికి సోకింది. గట్టిగా మాట్లాడేకొద్దీ తుంపర పెరుగుతుంది కాబట్టి గదిలో అందరికన్నా ముందు మంచి మాస్కు ఉండాల్సింది టీచరుకి. అరవనక్కర్లేకుండా చిన్న మైకు కూడా ఇవ్వండి.

ఒంట్లో బాగోనప్పుడు ఇంట్లో ఉండమని ఆ టీచరుకు గానీ ఏ టీచరుకైనా గానీ ఎవరు చెప్తారు? సెలవు పెడితే జీతం కోత, లేదా పీరియడ్లు చూసేవాళ్ళు లేరని ముఖం మాడ్చుకోవడం. ఇక పిల్లలకైతే నూరు శాతం హాజరుకు సర్టిఫికెట్! మహమ్మారికి ముందు నుంచీ నాకు మండేది ఇదే. జ్వరంతో, గవదలతో, కళ్ళకలకతో మూలుగుతూ వచ్చి పక్క పదిమందికీ అంటించినవాడికి వార్షికోత్సవంలో స్టేజి మీద బహుమతి. బుద్ధిగా ఇంట్లో పడుకున్నవాడికి చివాట్లు. ఏ శాస్త్రం నేర్పిస్తున్నారండీ ఇలా?

ఇంతకీ ఆ ప్రణాళికలో 14వ అంశం చెప్పలేదు కదూ. "పునఃప్రారంభం తరువాత నూరు శాతం హాజరు సాధించిన తరగతికి రోలింగ్ షీల్డు బహూకరించబడును."