పుస్తకంలో ఉన్నట్టే కొట్టాను మావయ్యా

ఇప్పుడే అక్కా వాళ్ళింటి నుంచి వచ్చాను. అన్నం తినమంటే ఆకలి లేదన్నాను. ఈ పోస్టు పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

మా మేనకోడలు బీసీఏ రెండో ఏడు. ఏ కాలేజీ అని అడక్కండి, ఇంకో రెండు మార్కులు పోతాయి. వెబ్ ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్‌కి లాగిన్ పేజీ ఒకటి చేసింది. రాసింది పీహెచ్‌పీ అనే భాషలో, వివరాలు దాచింది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో. నా కళ్ళతో చూశాను, నడుస్తోంది. సరైన పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిస్తోంది, తప్పు కొడితే పొమ్మంటోంది. దాన్ని రికార్డులో పొందిగ్గా రాసి, మార్జిన్లు కొట్టి, అట్ట వేసి తీసుకెళ్తే సారు ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి పదికి నాలుగు వేశాడు. కారణమేమిటయ్యా అంటే, టెక్స్ట్‌బుక్‌లో అలా లేదట.

లేదు సార్. టెక్స్ట్‌బుక్‌లో ఉన్నది నడవదు కాబట్టే పిల్ల అది రాయలేదు.

ఆ పుస్తకంలో డేటాబేస్ తలుపు తీసే పని మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షన్‌ది. 2013లో పీహెచ్‌పీ 5.5 వచ్చినప్పుడే, దీన్ని వాడకండి బాబూ, తీసేస్తాం అని చెప్పేశారు. 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 వచ్చింది, చెప్పినట్టే తీసేశారు. పిల్ల లాప్‌టాప్‌లో ఉన్నది పీహెచ్‌పీ 8. ఆ పేరు కొడితే అలాంటి ఫంక్షన్ లేదని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. చచ్చిపోయిన మనిషి నంబరు ఇచ్చి, ఫోన్ చేసి మాట్లాడమని పరీక్ష పెట్టి, ఆయన ఎత్తకపోతే పిల్లకి మార్కులు కోసినట్టుంది ఈ వ్యవహారం.

దాని బదులు వాడాల్సింది మైఎస్‌క్యూఎల్‌ఐ. చివరి ఐ అంటే ఇంప్రూవ్డ్. అదేమీ నిన్నా మొన్నా పుట్టింది కాదు, 2004లో పీహెచ్‌పీ 5తోపాటే వచ్చింది. పుస్తకం అట్ట మీద మాత్రం బంగారు రంగులో ‘రివైజ్డ్ ఎడిషన్’ అని ఉంది. ఏం రివైజ్ చేశారా అని తిరగేసి చూస్తే, ధర.

మొన్న రాత్రి పది దాటాక ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయింది, ఏడ్చినట్టుంది. “పుస్తకంలో ఉన్నట్టే కొట్టాను మావయ్యా, మూడుసార్లు కొట్టాను, రావట్లేదు. నాకు ఈ సబ్జెక్ట్ రాదేమో.” ఇదీ నన్ను కాల్చేసిన మాట. సెమికోలన్లు లెక్కపెట్టుకుందట పాపం. కొటేషన్లు పుస్తకంలో వంకరగా ఉన్నాయి కదా, నిటారుగా కొట్టినందుకు తప్పేమో అని వంకరవి ఎక్కడినుంచో కాపీ చేసి పెట్టిందట. (వంకరవి పెడితే ఇంకా చెడుతుంది, అది వేరే సంగతి. అచ్చువేసేవాళ్ళకి అందంగా కనిపించాలి మరి, ప్రోగ్రామ్ నడిస్తే ఎంత నడవకపోతే ఎంత.) చివర ఐ పెట్టి చూడమ్మా అన్నాను. ఐ ఒక్కటి పెడితే చాలదు, బ్రాకెట్లో వరస కూడా తిరగబడుతుంది, ముందు కనెక్షన్ ఇచ్చి తర్వాత క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, ఇవ్వాలి. అది నేను చెప్పడం మర్చిపోయాను. తనే కనిపెట్టింది! రాత్రి ఒంటిగంటకి ‘వచ్చేసింది’ అని మెసేజ్ పెట్టింది. ఆ పని మీదే ఎర్ర గీత పడింది.

అక్కడితో అయిపోతే బాగుండు. పాస్‌వర్డ్ సంగతి వినండి. పుస్తకంలో పాస్‌వర్డ్‌ని ఎండీ5 అనే పాత పద్ధతితో గజిబిజి అక్షరాలుగా మార్చి దాచమన్నారు. తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. దానికి పాస్‌వర్డ్ హ్యాష్ అని చక్కని ఫంక్షన్ 2013లోనే పీహెచ్‌పీలో వచ్చింది. అది వాడమని నేనే చెప్పాను. వాడింది. లాగిన్ కాదు! ఎన్నిసార్లు కొట్టినా పాస్‌వర్డ్ తప్పంటుంది. ఇద్దరం రెండు గంటలు తలలు పట్టుకున్నాం. చివరికి చూస్తే డేటాబేస్‌లో వివరాలు దాచే టేబుల్ మాత్రం పుస్తకంలోదే. పాస్‌వర్డ్ గది వెడల్పు 32. ఎండీ5 ఇచ్చేది సరిగ్గా 32 అక్షరాలు, కొత్తది ఇచ్చేది 60. మిగతా 28 అక్షరాలు చడీచప్పుడు లేకుండా తెగిపోయాయి. ఆరడుగుల మనిషిని మూడడుగుల మంచం మీద పడుకోబెట్టి కాళ్ళు నరికేసినట్టు. గది వెడల్పు 255 చేసి పాస్‌వర్డ్ మళ్ళీ ఎక్కించాం, తలుపు తెరుచుకుంది.

సారు దాని పక్కన ఏం రాశారో తెలుసా? ‘యూజ్ ఎండీ5.’

ఆయన్ని ఒక్కణ్ణే అని లాభం లేదు, నాకు తెలుసు. ఆయన చదివిందీ ఆ పుస్తకమే, ఆయనకి చెప్పినవాళ్ళు చదివిందీ అదే. అయినా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ ప్రోగ్రామ్‌ని సొంత చేత్తో కంప్యూటర్‌లో కొట్టి చూసుంటే? సర్వర్ ప్రోగ్రామింగ్‌ని కాగితం మీద దిద్దేవాళ్ళని మనదగ్గరే చూస్తాం. ఈత పరీక్ష నల్లబల్ల మీద పెట్టినట్టు.

నాకు ఇంత కోపం ఎందుకొస్తోందంటే నా కథా ఇదే. 2008లో విశాఖలో పాత పుస్తకాల బండి మీద లావుపాటి పీహెచ్‌పీ పుస్తకం కొన్నాను, బేరమాడి. మా పర్లాకిమిడి మీదుగా వెళ్ళే గుణుపూర్ రైలు లైను అప్పుడు మూసేసి పెద్ద లైను వేస్తున్నారు, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మొదటి పాఠం: ఫారంలో పేరు కొడితే తర్వాతి పేజీలో ‘హలో ఫలానా’ అని రావాలి. నాకు ‘హలో’ అని, ఒక కామా వచ్చేది. అంతే. పేరు లేదు. పదకొండు రోజులు! గంటకి ఇరవై రూపాయల నెట్ సెంటర్లో కూర్చుని ఆ కామా వంక చూశాను. సెంటర్ ఓనరు జాలిపడి ఒకరోజు డబ్బులు తీసుకోలేదు. చివరికి బరంపురంలో పనిచేసే స్నేహితుడు ఫోన్లో నవ్వాడు. “ఒరే, ఫారంలో కొట్టినదాన్ని తనంతట తనే అందించే రిజిస్టర్ గ్లోబల్స్ 2002 నుంచే ఆఫ్‌లో ఉంటోంది రా. డాలర్ అండర్‌స్కోర్ పోస్ట్ అని పెట్టి తీసుకోవాలి.” ఆరేళ్ళ కిందట కట్టేసిన బావిలో నన్ను నీళ్ళు తోడమంది ఆ పుస్తకం. ఆ పదకొండు రోజులూ నేను దద్దమ్మని అనుకున్నాను. పుస్తకం దద్దమ్మ కావచ్చన్న ఆలోచన రాలేదు. అచ్చులో ఉంటే నిజమే అని పెంచారు మమ్మల్ని, ఏం చేస్తాం.

ఇవాళ మా పిల్ల నోట అదే మాట విన్నాను. మధ్యలో ఇన్నేళ్ళు గడిచాయి.

తెలుగులో పుస్తకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, రెండు రకాలు. ఒక రకంలో ‘యూజర్ ఫారమ్‌ను సబ్మిట్ చేయగా డేటా సర్వర్‌కు సెండ్ చేయబడును’ అంటారు. చివరి ‘బడును’ ఒక్కటే తెలుగు, అదీ మనం మాట్లాడేది కాదు. రెండో రకం ఇంకా ఘోరం, బ్రౌజర్ విహారిణి, సర్వర్ సేవకి. ‘విహారిణి సేవకిని అభ్యర్థించును.’ ఏదో ప్రబంధంలో చెలికత్తెల సన్నివేశం అనుకున్నాను నేను. మా అమ్మకి చదివి వినిపిస్తే తర్వాత రాజుగారు వస్తారా అని అడిగింది.

ఇది మా ఊళ్ళో కూర్చుని చదవాల్సి రావడం చూడండి, అదీ అసలు మంట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఎక్కడ? మా పర్లాకిమిడి రాజావారి బడిలో. మనుషులు మాట్లాడే భాషలో పుస్తకాలు రాయండయ్యా అని పండితులందరితో తగవు పెట్టుకున్నదీ ఆయనే. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు ఇటు కలిసిపోయాక, ఆయన ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం మిగిలాం. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి దండలు వేసి, తెలుగు భాషా దినోత్సవమని ఉపన్యాసాలిచ్చి, మర్నాటి నుంచి మళ్ళీ ‘చేయబడును’.

నేను చదివిన తెలుగు బడి గోడ మీద ఇప్పుడు తెలుగు అక్షరం లేదు. మా పిల్ల ఒడియా గడగడా చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు కూడబలుక్కుంటుంది. తప్పు దానిది కాదు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, అక్కడ అన్నీ తెలుగే. ఇటు మేం అందరికీ అతిథులమే, వాళ్ళకి ఒడియావాళ్ళం, వీళ్ళకి తెలుగువాళ్ళం.

అన్నట్టు ఇంకొకటి. అంత కష్టపడి పేజీ చేశాక ముచ్చటపడి, మొదటి యూజరుగా వాళ్ళ నాన్నమ్మ పేరు తెలుగులో ఎక్కించింది. పార్వతి. తీసి చూస్తే ఏడు ప్రశ్నార్థకాలు. మూడక్షరాల పేరుకి ఏడేమిటని వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒత్తూ పొల్లూ గుణింతాలూ కంప్యూటర్‌కి విడివిడి అక్షరాలు కదా. టేబుల్ చివర పుస్తకంలో ఉన్న వాక్యం ‘లాటిన్1’ అంటుంది, పశ్చిమ యూరప్ అక్షరాలు తప్ప ఇంకేవీ పట్టవు అందులో. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చాలి. దాన్ని మార్చి పేరు మళ్ళీ ఎక్కిస్తే పార్వతమ్మగారు తెర మీదికి వచ్చింది. అదీ తప్పు కింద కొట్టేశారా అని అడిగాను. లేదట, సారు అంతవరకూ చూడలేదట.

రేపు నేనే కాలేజీకి వచ్చి మాట్లాడతానన్నాను. అక్క వద్దంది. పిల్ల కూడా వద్దంది. “నువ్వొస్తే ఇంకా పీకుతారు మావయ్యా. రికార్డులో పుస్తకంలోదే రాసేస్తాను, లాప్‌టాప్‌లో మనది ఉంచుకుంటాను.”

నేను లేచి వచ్చేసేసరికి డైనింగ్ టేబుల్ మీద స్కేలు పెట్టుకుని కొత్త కాగితానికి మార్జిన్ గీస్తోంది. పక్కన పుస్తకం తెరిచి ఉంది.