ముల్తాన్ లెక్కలు: సావన్ మల్ పాలనలో ఎవరూ చూడని పుట

దుమ్ము, ఎండ, బిచ్చగాళ్లు, గోరీలు. ముల్తాన్ పేరెత్తితే పాత పారసీ సామెత ఒకటి ఈ నాలుగూ వరసపెట్టి చెబుతుంది. 1818లో నవాబు ముజఫర్ ఖాన్ యుద్ధంలో నేలకొరిగాక, కోటతో పాటు ఈ నాలుగూ సిక్కు మహారాజు రంజిత్ సింగ్ ఖాతాలో పడ్డాయి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ సుబాకు, అంటే ఆ రాష్ట్రానికి, తర్వాతి మూడేళ్లలో పాలకులు ఒకరి తర్వాత ఒకరు మారారు. ఎవరూ కుదురుకోలేదు. 1821లో పగ్గాలు అందుకున్నది అక్కడే లెక్కలు చూసుకునే ఖత్రీ కులపు ఉద్యోగి, దివాన్ సావన్ మల్. 23 ఏళ్ల తర్వాత చావు వచ్చి దింపితే తప్ప ఆ కుర్చీ వదల్లేదు.

సావన్ మల్ అనగానే అందరూ చెప్పే కథ ఒకటుంది. తన పంటలో ఎవరో పెద్దమనిషి గుర్రాలు మేపాడని ఒక రైతు దర్బారుకొచ్చి మొరపెట్టుకున్నాడట. ‘మనిషిని చూపించగలవా?’ అని దివాన్ అడిగితే, ఆ రైతు సభలో కూర్చున్న దివాన్ పెద్దకొడుకు రామ్ దాస్‌నే చూపించాడట. రైతే వద్దని బతిమాలినా తండ్రి కొడుకును ఖైదులో వేయించాడంటారు. మన దగ్గరా న్యాయం తప్పని రాజులకు ఇలాంటి కథలు అల్లుతారు కాబట్టి ఇది వెంటనే నచ్చేస్తుంది. నాకైతే దీనికన్నా ఆయన కాల్వల కథే ముఖ్యం.

ముల్తాన్‌లో వాన నామమాత్రం. చీనాబ్, సట్లెజ్ నదులు వేసవిలో పొంగినప్పుడే కాల్వల్లోకి నీళ్లు ఎక్కుతాయి. వరద తీస్తే మిగిలేది ఒండ్రు. ఏటా చలికాలంలో పూడిక తీయకపోతే మరుసటి ఏడాది కాల్వ మొదట్లోనే నీరు ఆగిపోతుంది. అందుకే అక్కడ ‘ఛేర్’ అనే పద్ధతి నడిచింది. నీటి తీరువాకు బదులు, కాల్వ కింది రైతులు తమ వంతు కూలీలను పూడికతీతకు పంపాలి. సావన్ మల్ పాతవాటిని బాగుచేయించాడు, కొత్తవి తవ్వించాడు, బీడు భూములకు బయటి రైతులను రప్పించి తేలిక శిస్తు మీద పట్టా ఇచ్చాడు.

ఇదంతా ప్రజల మీద ప్రేమతోనే చేశాడని అనుకోను. ఆయన పాలన ఒక గుత్త. రంజిత్ సింగ్ రాజధాని లాహోర్‌కు ఏటా ఇంత అని కట్టాలి, పైన మిగిలింది తనది. నిజాం రాజ్యంలో సాలార్ జంగ్ సంస్కరణలకు ముందు శిస్తు వసూలును గుత్తకిచ్చిన తీరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ గుత్తేదారు రేపు ఉంటాడో ఊడతాడో తెలియక రైతును పిండేవాడు. సావన్ మల్‌కు ఆ టెన్షన్ లేదు. కిస్తు వేళకు అందినంత కాలం రంజిత్ సింగ్ ఆయన జోలికి రాలేదు. ఇరవై ఏళ్లు ఉంటానన్న ధీమా ఉన్నవాడే రేపటి పంట కోసం ఇవాళ కాల్వ తవ్వుతాడు. ఆ రెండిటి మధ్య తేడా మంచితనంలో కన్నా గడువులోనే ఉంది.

అయితే ఆ ధీమా ఏ కాగితం మీదా లేదు. ఇద్దరు మనుషుల మధ్య నమ్మకంలో ఉంది. అందులో ఒకరు, రంజిత్ సింగ్, 1839లో పోయారు. 1844 సెప్టెంబరులో ఒక సైనికుడు కాల్చిన గుండు గాయంతో రెండో మనిషీ పోయాడు. ఆయన వెనకేసింది 90 లక్షల రూపాయల దాకా ఉంటుందని అప్పట్లో చెప్పుకున్నారు. లాహోర్‌లో ఒకరినొకరు చంపుకుంటున్న పెద్దలకు ఆ అంకె చాలు. పదవి దక్కాలంటే కొడుకు మూల్‌రాజ్ లక్షల్లో నజరానా కట్టాలన్నారు. సుబాలో ఝంగ్ ప్రాంతం కోసేసి, మిగిలిన దాని మీద గుత్త పెంచారు. తర్వాత లాహోర్ దర్బారు మీద అజమాయిషీకి ఆంగ్లేయ రెసిడెంటు వచ్చి సుంకాలు తీసేయించాడు, మూల్‌రాజ్ తీర్పుల మీద లాహోర్‌లో అప్పీళ్లు వినడం మొదలుపెట్టాడు. అప్పీలు ఉందని తెలిశాక దివాన్ మాటకు భయపడి కిస్తు కట్టేదెవరు? 1847 చివర్లో మూల్‌రాజ్ రాజీనామా ఇచ్చాడు.

1848 ఏప్రిల్‌లో ఆంగ్లేయ అధికారులు వాన్స్ ఆగ్న్యూ, ఆండర్సన్ కొత్త గవర్నర్ కాహన్ సింగ్‌ను వెంటపెట్టుకొచ్చారు. వాళ్లిద్దరి హత్య, ముట్టడి, రెండో సిక్కు యుద్ధం, మరుసటి ఏడాది పంజాబ్ విలీనం అందరికీ తెలిసినవే. దానికి ముందు జరిగిన చిన్న సంభాషణను మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. గత కొన్నేళ్ల లెక్కలు చూపించమని ఆగ్న్యూ పట్టుబట్టాడు. లెక్కలు రాసే ఉద్యోగంతో మొదలై సుబానే ఏలిన మనిషి కొడుకు ఏం చెప్పాడంటే, నాన్న కాగితాలు నేనెక్కడి నుంచి తెచ్చేది, చెదలు తినేశాయి అన్నాడట.